అమ్మకు కీళ్లవాతం, మెడ పట్టేసింది. కైరోప్రాక్టిక్‌కు తీసుకపోవచ్చా?

పాకాల పిల్లగాడు
అందరికీ నమస్తే. మాది నర్సంపేట దగ్గర, నేను హన్మకొండల ఉంట. అమ్మకు 58 ఏండ్లు. కీళ్లవాతం, అదే రుమటాయిడ్ ఆర్థరైటిస్, వచ్చి పదకొండేండ్లైంది. ఆదివారం ఆదివారం మెథోట్రెక్సేట్, మిగతా రోజుల ఫోలిక్ యాసిడ్, పొద్దున టిఫిన్ తర్వాత 5 మిల్లీగ్రాముల స్టెరాయిడ్ గోలీ. వేళ్లు కొంచెం వంకర పోయినయి గని పని చేసుకుంటది.

ఇప్పుడు మూడు నెలల సంది మెడ నొప్పి. తల వెనక, జడ మొదలయ్యే కాడ మొదలై పైకి పాకుతదంటది. మా బావ ఫోన్ల వీడియోలు చూసి చూసి, హన్మకొండల ఒక కైరోప్రాక్టిక్ సెంటర్‌ల, అంటె చేతులతోని మెడ, నడుము సరిచేస్తమనే కాడ, పది సిట్టింగుల ప్యాకేజీ మాట్లాడిండు. పన్నెండు వేలు, మూడు వేలు అడ్వాన్స్ కూడ కట్టిండు. శనివారం పొద్దున పదకొండింటికి రమ్మన్నరు. వీడియోల మెడ పట్టి ఒక్క తిప్పు తిప్పుతె పటపటమంటది, మనిషి నవ్వుకుంట లేస్తడు. నాకు మాత్రం చూస్తెనే గుబులు అయితాంది. ఎవరన్న చేయించుకున్నరా? కీళ్లవాతం ఉన్నోళ్లకు ఏం కాదా?

కాజీపేట జంక్షన్
భయపడకు తమ్మీ. నాకు నిరుడు నడుము పట్టేసి డ్యూటీకి పోలేకపోయిన, మంచం మీద పక్కకు తిరగాల్నన్నా మా ఇంటామె పట్టుకోవాలె. ఎముకల డాక్టర్ గోలీలు, బెల్టు, మూడు వారాలు రెస్ట్ అన్నడు. ఒక దోస్తు చెప్తె కైరో కాడికి పోయిన. మూడు సిట్టింగుల్ల లేచి నడిచిన. నాలుగోదానికి పోనే లేదు. తీసుకపో.

మెటికల మల్లన్న
ఆ పన్నెండు వేలు దేనికి భయ్? మా గల్లీ సెలూన్ల కటింగ్ చేయించుకుంటె తల మాలీషు, మెడ పట్‌పట్ ఫ్రీ. గడ్డం కింద ఒక చెయ్యి, నెత్తి మీద ఒక చెయ్యి, మనం రెడీ అయ్యేలోపే అయిపోతది.

సుబేదారి ఫిజియో
పాకాల తమ్మీ, శనివారం క్యాన్సిల్ చెయ్యి. ముందు ఆ పని చేసి తర్వాత ఇది చదువు.

నేను ఫిజియోను, పదహారేండ్లైంది. మెడను ఝటిక్కిన తిప్పే పద్ధతి మాకూ నేర్పిస్తరు. దాని మీద కోపంతోని చెప్తలేను. నడుము పట్టేసిన మనిషికి, లోపల వేరే రోగం లేకపోతే, దాంతోని కొంత ఉపశమనం దొరుకుతది. కాజీపేట అన్నకు జరిగింది నిజమే కావచ్చు. కాని ఆయనది నడుము. అమ్మది మెడ, అందుల కీళ్లవాతం.

ఇంట్ల ఇసుర్రాయి చూసే ఉంటవ్. కింది రాయిల నడిమిట్ల ఒక కొయ్య నిలవడి ఉంటది, పై రాయి దాని చుట్టు తిరుగుతది. మన మెడల పైనున్న రెండు పూసలు అచ్చం అట్లనే. మొదటి పూస ఉంగరం లెక్క ఉంటది. రెండో పూస నుంచి కొయ్య లెక్క ఒక ముక్క పైకి లేచి ఆ ఉంగరంల కూసుంటది. తల అటు ఇటు తిప్పుతె తిరిగేది అక్కడనే. ఆ కొయ్య వెనక్కి జరగకుంట ఒక లిగమెంట్ అడ్డం పట్టీ లెక్క పట్టుకుంటది. పట్టీ వెనక ఏముందంటవా, వెన్నుపాము.

కీళ్లవాతం వేళ్ల కీళ్లల్ల ఏం చేస్తదో ఆ మెడ కీలుల కూడ అదే చేస్తది. పొర వాచి, పెరిగి, పట్టీని మెల్లమెల్లగ తినేస్తది. పట్టీ వదులైతె తల వంచినప్పుడల్ల కొయ్య వెనక్కి జరుగుతది. ఏండ్ల తరబడి రోగం ఉన్నోళ్లల్ల ఇది వింతేం కాదు. అట్ల వదులైన మెడను పట్టి ఒక్క గుంజు గుంజితె ఏమైతదో నేను చెప్పాల్సిన పని లేదు.

ఇంకోటి. స్టెరాయిడ్ ఏండ్ల కొద్ది వాడితె ఎముక గుల్లబారుతది. 5 మిల్లీగ్రాములు తక్కువే అనిపిస్తది గని పదకొండేండ్ల లెక్క వెయ్యి.

అమ్మకు మెడ ఎక్స్‌రే ఎప్పుడన్న తీసిండ్రా? మామూలుది కాదు, తల ముందుకు వంచి ఒకటి, వెనక్కి వాల్చి ఒకటి, పక్క నుంచి తీసేది.

పాకాల పిల్లగాడు
లేదక్కా. చేతులవి, మోకాళ్లవి తీసినం. మెడది ఎప్పుడు తీయలే. సెంటర్ల ఫోన్‌ల అడిగితె "రిపోర్టులు ఏం అవసరం లేదు, చేతితో చూస్తె మాకే తెలుస్తది" అన్నరు.

సుబేదారి ఫిజియో
ఆ ఒక్క మాట చాలు తమ్మీ, పోకుండ ఉండటానికి.

మామునూరు కోడలు
మధ్యల అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా అత్తమ్మకు మోకాళ్లల్ల గుజ్జు అరిగిందన్నరు. ఆమెది కూడ ఆర్థరైటిసే కదా? ఆమెకూ ఇదే భయమా?

సుబేదారి ఫిజియో
కాదమ్మా, పేరు ఒకటే గని రోగం వేరు. మీ అత్తమ్మది అరుగుదల. పొద్దున లేవంగనే మోకాలు బిగిసినా, నాలుగడుగులు వేస్తె, అరగంట లోపల వదులైతది కదా? కీళ్లవాతంల ఆ బిగుసుడు గంట దాటినా పోదు, చిన్న కీళ్లు వాస్తయి, రెండు చేతులు ఒక్కలెక్కనే వాస్తయి.

అరుగుదలకు మోకాలి మీద చేతితోని చేసే వైద్యం ప్రమాదం కాదు, కాని దాంతోని గుజ్జు తిరిగి రాదు. 2019ల అమెరికా రుమటాలజీ కాలేజీ, అంటె కీళ్ల డాక్టర్ల సంఘం, ఇచ్చిన సూచనలల్ల మోకాలు, తుంటి అరుగుదలకు గట్టిగ చెప్పింది వ్యాయామం, బరువు తగ్గుడు. వ్యాయామానికి తోడు చేతి వైద్యం కలిపితె ఒరిగే లాభం పెద్దగ లేదని దాన్ని పక్కకు పెట్టిండ్రు. ఇంగ్లండ్‌ల 2022 సూచనలు మాత్రం వ్యాయామంతోని కలిపి అయితె ఆలోచించొచ్చు అన్నయి. అత్తమ్మను కుర్చీల కూసోబెట్టి, కాలు ముందుకు చాపి, అయిదు లెక్క పెట్టేదాక ఆపమను. పూటకు పది సార్లు. కింద కూసుని కూరగాయలు కోసుడు మాన్పించు, పీట బదులు కుర్చీ వెయ్యి. పైసలు ఖర్చు లేదు.

అరుగుదలే అయినా మెడల అయితె, చెయ్యి తిమ్మిర్లు ఉంటె, రక్తం పలచబడే గోలీలు వాడుతుంటె, మళ్లీ ఆలోచించాల్సిందే.

మామునూరు కోడలు
చేయిస్త అక్కా. పీట మానుతదా అనేదే డౌటు.

లెక్కల సారు, రిటైర్డ్
ఈ చర్చ చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను. కైరోప్రాక్టిక్ అంటే గ్రీకు మాటల్లో "చేతితో చేసేది" అని అర్థం. 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ ఊళ్లో డి.డి. పామర్ అనే ఆయన మొదలుపెట్టాడు. మొదటి పేషెంటుగా చెప్పుకునే మనిషికి ఉన్నది నడుము నొప్పి కాదు, చెవుడు! వెన్నుపూస సరిచేస్తే వినబడిందని చెప్పుకున్నారు. అప్పట్లో దాదాపు రోగాలన్నిటికీ మూలం వెన్నుపూస జరగడమే అనేది ఆయన వాదన. ఇప్పుడు చాలామంది కైరోప్రాక్టర్లు ఆ మాట అనరు, నడుము, మెడ నొప్పుల వరకే ఉంటారు.

అమెరికాలో దీనికి కాలేజీ చదువు, లైసెన్సు ఉన్నాయి. బ్రిటన్‌లో 1994లో చట్టం చేసి కౌన్సిల్ పెట్టారు. మన దగ్గర అలాంటి కౌన్సిల్ లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో ఫిజియోథెరపీ ఉంది. కైరోప్రాక్టిక్‌కు రిజిస్ట్రేషన్ చూసే సంస్థ లేదు. విదేశంలో నాలుగైదేళ్లు చదివి వచ్చినవాడూ, వారాంతపు కోర్సు చేసినవాడూ ఒకే రకం బోర్డు కట్టుకోవచ్చు. బోర్డు చూసి మనం తేడా చెప్పలేం.

మెటికల మల్లన్న
సారూ, ఆ పట్‌మనే చప్పుడు ఎముక సెట్ అయినట్టే కదా?

లెక్కల సారు, రిటైర్డ్
కాదు నాయనా. కీలు లోపల నూనెలాంటి ద్రవం ఉంటుంది. కీలును ఒక్కసారి లాగితే లోపల ఒత్తిడి పడిపోయి గాలి బుడగలాంటి ఖాళీ ఏర్పడుతుంది. 2015లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు ఒకాయన వేళ్లను ఎంఆర్ఐ మెషీన్‌లో పెట్టి లాగి, మెటిక విరిగే క్షణాన్ని ఫొటోల్లో పట్టారు. సెట్ అవడానికీ చప్పుడుకూ సంబంధం లేదు. నువ్వు విరుచుకునే మెటికలూ అదే బాపతు.

మెటికలు విరిస్తే కీళ్లనొప్పులు వస్తాయని మా అమ్మ తిట్టేది. డొనాల్డ్ అంగర్ అనే అమెరికా డాక్టర్ యాభై ఏళ్లపాటు ఒక్క ఎడమ చేతి మెటికలే రోజూ విరుచుకుని, కుడి చెయ్యి ముట్టుకోకుండా, చివరికి రెండు చేతుల్లోనూ ఆర్థరైటిస్ లేదని రాశాడు. 2009లో ఆయనకు నవ్వించే నోబెల్, అదే ఇగ్ నోబెల్ ఇచ్చారు. వాళ్ల అమ్మ కూడా అలాగే తిట్టేదట.

కాజీపేట జంక్షన్
అందరు కలిసి నన్ను దోషిని చేసిండ్రు గద. నాకు తగ్గింది అబద్ధమా? డాక్టర్లకు, ఫిజియోలకు వాళ్ల దుకాణం పోతదని భయం. గోలీల కంపెనీలు ఎన్ని కిడ్నీలు ఖరాబ్ చేసినయో ఎవడు లెక్క పెట్టిండు? మా ఊర్ల ఆర్ఎంపీ సూది ఇస్తె ఎవ్వరు అడగరు, ఇదయితె అడుగుతరు.

సుబేదారి ఫిజియో
అన్నా, నొప్పి గోలీల మాట ఒప్పుకుంట. ఊర్లల్ల రంగురంగుల గోలీల పొట్లాలు, వాటిల స్టెరాయిడ్, అదంత నేనూ చూసిన. దాని మీద వేరే చర్చ పెట్టు, మొదటి కామెంటు నాదే.

లెక్కల సారు, రిటైర్డ్
జంక్షన్ గారూ, పోటీ అనుకునేటట్టయితే కైరోప్రాక్టిక్ కోసమే రాసిన పుస్తకం చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో కైరోప్రాక్టిక్ శిక్షణకూ, భద్రతకూ మార్గదర్శకాలు వేసింది. అది ఈ వైద్యాన్ని నిషేధించే పుస్తకం కాదు, ఎలా నేర్పాలో చెప్పే పుస్తకం. అందులోనే ఉంది: కీళ్లవాతంలాంటి వాపు జబ్బులు ఉండి లిగమెంట్లు వదులైతే, జబ్బు పట్టిన ఆ భాగంలో ఝటకా వైద్యం అసలే చేయకూడదు. అంటే బాగా చదువుకున్న కైరోప్రాక్టర్ అయితే పాకాల అబ్బాయి వాళ్లమ్మ మెడను తనే ముట్టుకోడు. అమెరికా రుమటాలజీ వాళ్లు కూడా 2022 సూచనల్లో కీళ్లవాతానికి కైరోప్రాక్టిక్ వద్దనే వైపే మొగ్గారు.

మీ నడుము తగ్గిన మాట నేను కాదనడం లేదు.

కాజీపేట జంక్షన్
సరే సారు. చదువుకున్నోడైతె ముట్టుకోడంటె, నాకు చేసినాయన ఏం చదివిండో నేనూ అడగలే. అది మాత్రం నిజం.

భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్
నాది ఇంకో రకం. బొగ్గు బాయి మీద డంపర్ ఆపరేటర్‌ను. ఇరవై నాలుగేండ్లకే నడుము పట్టుడు, తెల్లారుజామున మూడింటికి మెలకువొస్తె మళ్లీ నిద్ర పట్టేది కాదు. లేచి తిరిగితెనే హాయి. డంపర్ కుదుపులకే అనుకున్నరు అందరు. ఎనిమిదేండ్లు తిరిగినంక తెలిసింది, ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కపోయి వెదురు గడ లెక్క అయితది. ఎక్స్‌రేల చూస్తె అచ్చం వెదురే.

ఆ ఎనిమిదేండ్లల్ల నేను చేసిన ఘనకార్యం ఏందంటె, రోజు డ్యూటీ దిగంగనే బోర్ల పండుకొని మా అక్క పిల్లలతోని నడుము తొక్కించుకునుడు. పెద్దోడు ఇరవై ఎనిమిది కిలోలు. హాయిగ ఉండేది. ఫైల్ చూసిన రోజు డాక్టర్ ఆ మాట విని కుర్చీ ముందుకు జరుపుకొని కూసుండు. అతుక్కపోయిన వెన్ను వంగదు, వంచితె సుద్దముక్క లెక్క విరుగుతదన్నడు. వెన్ను అతుక్కపోయినోళ్లకు ఝటకాలు చేయొద్దని అమెరికా సూచనలల్ల గట్టిగనే రాసి ఉందంట.

గిప్పుడు ఈత, సాగదీసే ఎక్సర్‌సైజులు, సూదులు. మేనల్లుళ్లు డిగ్రీల ఉన్నరు, తొక్కుమన్నా తొక్కరు.

మెటికల మల్లన్న
అన్నా, ఇగ నేను నవ్వలేను. నిన్న సెలూన్ల మెడ కాడికి చెయ్యి రాంగనే వద్దన్న. ఆయన నా ముఖం చూసి "ఏమైంది, ఇయ్యాల కోపమా" అన్నడు.

సుబేదారి ఫిజియో
మంచిపని చేసినవ్ మల్లన్నా. మెడను ఝటిక్కిన తిప్పినప్పుడు మెదడుకు పోయే రక్తనాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన కేసులు ఉన్నయి. అరుదు, నేను కాదనను. అదీగాక కొందరికి ముందే నాళం చిరుగుడు మొదలై, ఆ నొప్పికే మెడ తిప్పించుకోవడానికి పోతరు. ఏది ముందో తేల్చుడు కష్టం. కాని ఫ్రీగ వచ్చిందని ఆ లాటరీ టికెట్ కొనాల్నా?

గునుగు
మాది కరీంనగర్. కీళ్లవాతం నాకు పంతొమ్మిదేండ్ల సంది. పాకాల తమ్ముడు, అమ్మ గురించి చదివి నాకు చేతులు చల్లబడ్డయి, అందుకే రాస్తున్న.

నాకూ తల వెనక నొప్పే మొదలు. మంచి దిండు లేదనుకున్న. మూడు దిండ్లు మార్చిన. ఒకరోజు బియ్యం కడుగుతున్న, గంజు మీదికి తల వంచిన. మెడ నుంచి నడుము దాక కరెంటు పాకినట్టు జిల్లుమన్నది. తల ఎత్తంగనే పోయింది. ఇంట్ల చెప్తె స్టీలు సింకుకు ఎర్తింగ్ వచ్చిందేమో అని మా ఆయన ఎలక్ట్రీషియన్‌ను పిలిచిండు. నిజం, నవ్వకండి.

తర్వాత కాలి చెప్పు జారిపోతె తెలిసేది కాదు. ఒకసారి కిరాణా కాడికి పోయేసరికి ఒక కాలికే చెప్పున్నది. జాకెట్టు హుక్కులు పెట్టుకోరాకపోయేది. వేళ్లు వంకర పోయినయి గద, వాటితోనే అనుకున్న. ఆ వంకర వేళ్ల చాటున అసలు సంగతి దాగింది. మెడల నరం నలుగుతుందని నా డాక్టర్ వంచి తీసిన ఎక్స్‌రేలనే కనిపెట్టిండు. హైదరాబాద్‌ల ఆపరేషన్, రెండు పూసలు స్క్రూలు వేసి కలిపిండ్రు. ఇప్పుడు వెనక నుంచి పిలుస్తె మొత్తం మనిషినే తిరగాలె. ఫర్వాలేదు, తిరుగుత.

తమ్ముడు, అమ్మను అడుగు. తల వంచితె జిల్లుమంటదా, చెయ్యి పట్టు తప్పుతదా, నడక తూలుతదా, మూత్రం కాడ ఏమన్న తేడా వచ్చిందా. ఆమె అంతట ఆమె చెప్పదు. నేనూ చెప్పలే.

పాకాల పిల్లగాడు
అక్కా, మీది చదివి రాత్రే ఊరికి ఫోన్ చేసిన. మొదలు "ఏం లేదు బిడ్డా" అన్నది. మళ్ల మళ్ల అడిగితె చెప్పింది. పొద్దున వాకిట్ల ముగ్గేసేటప్పుడు వంగితె వెన్నుల జుమ్మంటదట. అందుకే నెల సంది పక్కింటి పిల్లతోని వేయిస్తుందంట. చాయ గ్లాసు రెండుసార్లు చేతుల నుంచి జారిందట. "వయసైతాంది గదరా" అంటది.

బావకు చెప్తె "మూడు వేలు కట్టిన గదరా" అన్నడు. ఇగ నేనేం మాట్లాడలే.

సుబేదారి ఫిజియో
తమ్మీ, ఇది వారం ఆగే ముచ్చట కాదు. రేపే వరంగల్ ఎంజీఎం దవాఖానలనో, మీకు తెలిసిన ఎముకల డాక్టర్ దగ్గరనో చూపించు. కీళ్లవాతం అని, మెడ అని, జుమ్మంటదని, గ్లాసు జారుతదని నాలుగూ చెప్పు, లేకుంటె మామూలు ఎక్స్‌రే తీసి పంపిస్తరు. వంచి తీసే ఫిల్మ్‌ల ఉంగరానికి, కొయ్యకు నడుమ ఎంత సందు ఉందో కొలుస్తరు. పెద్దోళ్లల్ల 3 మిల్లీమీటర్లు దాటొద్దు. వంచేటప్పుడు అమ్మ తనంతట తానే మెల్లగ, ఎంత వస్తె అంతే వంచాలె. ఎవ్వరు పట్టి నొక్కొద్దు. నర్సంపేట నుంచి బండి మీద తేకు. కారు ముందు సీట్ల, మెత్తటి కాలర్ పెట్టి తే. స్పీడ్ బ్రేకర్ల కాడ మెల్లగ.

అప్పటిదాక మెడకు మాలీషు, కాపడం పేరుతోని నొక్కుడు, ఏదీ వద్దు. గోలీలు మాత్రం ఆపొద్దు. స్టెరాయిడ్ అసలే ఒక్కపారి ఆపొద్దు.

భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్
ఏమైందో రాయి తమ్మీ. డ్యూటీల గూడ చూస్తున్నం.

పాకాల పిల్లగాడు
నిన్న చూపించినం. మామూలు పక్క ఎక్స్‌రేల సందు రెండున్నర. డాక్టర్ అంతవరకు మామూలుగనే మాట్లాడిండు. తల వంచి తీసిన ఫిల్మ్ లైటుకు పెట్టి స్కేలుతోని రెండుసార్లు కొలిచిండు. ఆరు. "ఈ మెడను ఎవరన్న తిప్పిండ్రా?" అన్నడు. లేదన్న. మళ్ల అడిగిండు. లేదు సార్, శనివారం తిప్పాల్సి ఉండె అన్న.

గట్టి కాలర్ రాసిండు, ఎంఆర్ఐ తీపిచ్చి హైదరాబాద్ నిమ్స్‌ల రుమటాలజీ, న్యూరో సర్జరీ రెండూ చూపించమన్నడు. ఆపరేషన్ అవసరమా కాదా ఎంఆర్ఐ చూసినంకనే తెలుస్తదట. అమ్మకు అన్నీ అర్థమైనయి, ఏడ్వలే. కాలర్ పెట్టుకున్నంక జుమ్మనుడు తగ్గిందంటుంది.

బావ సెంటర్‌కు ఫోన్ చేస్తె పైసలు వాపస్ ఇయ్యం, వేరే ఎవరన్న వాడుకోవచ్చన్నరు. తన నడుముకు తనే పోతడట.

సుబేదారి ఫిజియో
బావకు వయసెంత? షుగర్ ఉందా? ఇంతకుముందు నడుము ఎక్స్‌రే ఏదన్న ఉందా?

కాజీపేట జంక్షన్
బావను ముందు నాకు ఫోన్ చేయమను తమ్మీ, ఏమేం అడగాల్నో నేను చెప్త. హైదరాబాద్‌కు పోయే రోజు కూడ చెప్పు. లోయర్ బెర్త్ సంగతి నేను చూసుకుంట, ప్లాట్‌ఫాం మీదికి వీల్‌చైర్ తెప్పిస్త. అమ్మను మెట్లు ఎక్కియ్యకు.

పాకాల పిల్లగాడు
థాంక్స్ అన్నా. అమ్మ ఒక్కటే ముచ్చట అడుగుతుంది, గునుగు అక్కను అడగమంది. "మెడకు ఈ డబ్బా కట్టుకొని బతుకమ్మ ఎట్ల ఆడాలె?"

గునుగు
నేను మూడేండ్ల సంది ఆడుతలేనా? వంగి చప్పట్లు కొట్టేకాడ మోకాళ్లు వంచాలె, తల వంచొద్దు. పువ్వులు పేర్చుడు మాత్రం బల్ల మీద పెట్టి కుర్చీల కూసోని. డాక్టర్ ఒప్పుకున్నంకనే అని చెప్పు. తంగేడు నేను పంపిస్త, గునుగు కాడలు కోసుడు మీ బావకు అప్పజెప్పు.